మాస్‌ఫెట్‌ను స్విచ్‌గా వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్‌ఫెట్‌తో ఎల్‌ఈడీ స్ట్రిప్ వెలిగించాలన్నా, మోటార్ తిప్పాలన్నా కొత్తగా చేసేవాళ్లకు దాదాపు ఒకే సందేహాలు వస్తాయి. ప్రశ్న ఎలా మొదలైనా, తవ్వుకుంటూ పోతే ఎక్కువసార్లు గేట్‌కూ సోర్స్‌కూ మధ్య ఎంత వోల్టేజ్ ఉందన్న దగ్గరే తేలుతుంది. అదే జవాబు పదిసార్లు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు. పీ ఛానల్ అని ప్రత్యేకంగా చెప్పని చోటల్లా ఎన్ ఛానల్ ఎన్‌హాన్స్‌మెంట్ రకం (గేట్‌కు వోల్టేజ్ ఇస్తేనే ఆన్ అయ్యేది) అనే అర్థం.

## మొదలుపెట్టే ముందు

మాస్‌ఫెట్ స్విచ్‌లా ఎలా పనిచేస్తుంది? సింపుల్‌గా చెప్పండి.

మూడు కాళ్లు: గేట్, డ్రెయిన్, సోర్స్. లోడ్ కరెంట్ డ్రెయిన్ నుంచి సోర్స్‌కు పోతుంది. గేట్‌కూ కింద ఉన్న సిలికాన్‌కూ మధ్య సిలికాన్ డయాక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, చాలా పల్చటిది, కరెంట్‌ను పోనివ్వదు. సోర్స్‌తో పోలిస్తే గేట్ మీద పాజిటివ్ వోల్టేజ్ పెడితే ఎలక్ట్రాన్లు ఆ పొర కిందికి చేరి దారి ఏర్పడుతుంది. వోల్టేజ్ తీసేస్తే దారి మూసుకుపోతుంది. అంటే గేట్ ఒక చిన్న కెపాసిటర్. నింపడానికీ ఖాళీ చేయడానికీ మాత్రమే కరెంట్ కావాలి, ఆన్‌లో నిలిపి ఉంచడానికి అక్కర్లేదు. 1959లో బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ కనిపెట్టినప్పటి నుంచీ అసలు సూత్రం ఇదే.

మామూలు ట్రాన్సిస్టర్ సరిపోదా? మాస్‌ఫెట్టే ఎందుకు?

50 మిల్లీఆంపియర్ల రిలేకు బీసీ547 చక్కగా సరిపోతుంది, దానికి మాస్‌ఫెట్ వెతుక్కోనక్కర్లేదు. కరెంట్ పెరిగినప్పుడే తేడా తెలుస్తుంది. మామూలు (బైపోలార్) ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కావాలంటే లోడ్ కరెంట్‌లో పదో వంతు బేస్‌కు ఇవ్వాలని మోటు లెక్క. 2 ఆంపియర్ల లోడ్‌కు 200 మిల్లీఆంపియర్లు ఏ మైక్రోకంట్రోలర్ (ఆర్డునో, ఈఎస్‌పీ32 లాంటి బోర్డుల మీది చిప్) పిన్నూ ఇవ్వలేదు. టిప్120 లాంటి డార్లింగ్టన్ (రెండు ట్రాన్సిస్టర్లు జంటగా ఉండేది) వాడితే బేస్ కరెంట్ తగ్గుతుంది గానీ, 3 ఆంపియర్ల దగ్గర దాని మీద 2 వోల్టుల వరకు పోవచ్చు. అంటే 6 వాట్ల వేడి. అదే కరెంట్‌కు 25 మిల్లీఓమ్‌ల మాస్‌ఫెట్ మీద పోయేది పావు వాటు కన్నా తక్కువ.

రిలే తీసేసి మాస్‌ఫెట్ పెట్టొచ్చా?

డీసీ లోడ్ అయితే పెట్టొచ్చు. చప్పుడు ఉండదు, కాంటాక్ట్‌లు అరగవు, పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ వెలుగునో వేగాన్నో తగ్గించడం) కూడా చేయొచ్చు. కానీ రిలే కాయిల్‌కూ కాంటాక్ట్‌లకూ మధ్య ఉండే విద్యుత్ ఎడం మాస్‌ఫెట్‌లో లేదు. ఆ ఎడం కావాలంటే రిలే ఉంచుకోండి, లేదా గేట్‌ను ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) ద్వారా నడపండి.

ఎన్ ఛానల్ తీసుకోవాలా, పీ ఛానల్ తీసుకోవాలా?

లోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య స్విచ్ పెట్టే వీలుంటే కళ్లు మూసుకుని ఎన్ ఛానల్. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు హోల్స్ (పీ ఛానల్‌లో కరెంట్‌ను మోసేవి) కన్నా రెండు మూడు రెట్లు సులభంగా కదులుతాయి. అందుకే ఒకే సైజు చిప్‌లో ఎన్ ఛానల్ రెసిస్టెన్స్ తక్కువ. లోడ్ నెగెటివ్ వైరు ఎప్పుడూ గ్రౌండ్‌కే ఉండాలి, పాజిటివ్‌నే తెంచాలి అన్న నిబంధన ఉన్నప్పుడు పీ ఛానల్ వైపు వెళ్లండి.

## పార్ట్ ఎంచుకునేటప్పుడు

డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 2 వోల్టులని ఉంది. 3.3 వోల్టుల పిన్‌తో ఆన్ అయిపోవాలి కదా?

కాదు. అందరూ ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. థ్రెషోల్డ్ అంటే పూర్తిగా ఆన్ అయ్యే వోల్టేజ్ కాదు, కరెంట్ పారడం అప్పుడే మొదలయ్యే వోల్టేజ్. డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ఆ వరుస పక్కన షరతు చూడండి, చాలా పవర్ మాస్‌ఫెట్లకు 250 మైక్రోఆంపియర్లు అని ఉంటుంది. తలుపు గడియ తీసిన చప్పుడు వినపడిందంతే, తలుపు ఇంకా తెరుచుకోలేదు.

ఐఆర్ఎఫ్540ఎన్ తీసుకోండి. థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎంతైనా ఉండొచ్చు. మీ చేతిలో ఉన్న ముక్కకు అది 3.8 అయితే 3.3 వోల్టులకు ఉలకదు, పలకదు. 2.2 అయితే కొంచెం తెరుచుకుని, సగంలో ఆగి, వేడెక్కుతుంది. స్నేహితుడి దగ్గర పనిచేసిన సర్క్యూట్ మీ దగ్గర పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

చూడాల్సింది ఆన్ రెసిస్టెన్స్ వరుస, అందులోనూ ఆ విలువను ఏ గేట్ వోల్టేజ్ దగ్గర కొలిచారన్నది. ఐఆర్ఎఫ్540ఎన్‌కు 44 మిల్లీఓమ్‌లు అని ఉంటుంది, కానీ 10 వోల్టుల దగ్గర మాత్రమే. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్‌కు 10 వోల్టుల దగ్గర 22, 5 దగ్గర 25, 4 దగ్గర 35 మిల్లీఓమ్‌లు అని మూడు విలువలు ఇస్తారు. ఏఓ3400ఏ డేటాషీట్‌లో 2.5 వోల్టుల వరుస కూడా ఉంటుంది: 48 మిల్లీఓమ్‌ల లోపు. మీ పిన్ వోల్టేజ్ లేదా అంతకన్నా తక్కువ ఆ వరుసలో కనిపిస్తేనే ఆ పార్ట్ మీకు పనికొస్తుంది.

లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ అంటే ఏమిటి? పేరులో ఎల్ ఉంటే చాలా?

5 వోల్టులో అంతకన్నా తక్కువో గేట్‌కు ఇస్తే పూర్తిగా ఆన్ అయ్యేలా చేసిన మాస్‌ఫెట్‌ను అలా అంటారు. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్, ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మధ్య తేడా చూడటానికి ఒక్క అక్షరమే. మొదటిదానికి 10 వోల్టులు కావాలి, రెండోది 5తో నడుస్తుంది. ఆ ఒక్క వరుసలో పేరు పనికొస్తుంది గానీ మిగతా తయారీదారుల నంబర్లకు ఆ సూత్రం వర్తించదు. ఇంకో మెలిక, లాజిక్ లెవెల్ అన్నవాటిలో చాలావరకు 5 వోల్టులను దృష్టిలో పెట్టుకున్నవే. 3.3 వోల్టుల బోర్డుకు 2.5 వోల్టుల దగ్గర ఆన్ రెసిస్టెన్స్ చెప్పిన పార్ట్ వెతకండి.

ఐఆర్ఎఫ్520 మాడ్యూల్ ఈఎస్‌పీ32తో పెడితే ఎల్‌ఈడీ స్ట్రిప్ మసకగా వెలుగుతోంది. మాడ్యూల్ పాడైందా?

మాడ్యూల్ బాగానే ఉండి ఉండొచ్చు, జోడీ కుదరలేదు. ఐఆర్ఎఫ్520కు చెప్పే 0.27 ఓమ్‌లు గేట్ మీద 10 వోల్టులు ఉన్నప్పటి మాట, ఈఎస్‌పీ32 పిన్ ఇచ్చేది 3.3. మైక్రోకంట్రోలర్‌కు నేరుగా తగిలించండి అన్నట్టు ఈ మాడ్యూల్‌ను ఎందుకు అమ్ముతారో నాకైతే అర్థం కాదు.

12 వోల్టుల లోడ్‌కు ఎన్ని వోల్టుల, ఎన్ని ఆంపియర్ల మాస్‌ఫెట్ తీసుకోవాలి?

వోల్టేజ్ రేటింగ్ సప్లైకి రెండు మూడు రెట్లు చాలు. 12 వోల్టులకు 30 లేదా 40, 24 వోల్టులకు 55 లేదా 60. సేఫ్టీ కోసమని 500 వోల్టులది తీసుకుంటే నష్టమే, వోల్టేజ్ తట్టుకునే శక్తి పెరిగేకొద్దీ ఆన్ రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది. ఆంపియర్ల సంగతికొస్తే, డేటాషీట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండే 47 ఆంపియర్లు లాంటి అంకెను పట్టించుకోకండి. ప్యాకేజీ ఒంటిని 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలిగితే అన్న షరతు మీద చెప్పే అంకె అది. హీట్‌సింక్ లేని టీఓ-220తో (వెనక లోహపు రేకు ఉండే మూడు కాళ్ల ప్యాకేజీ) చేసే పనికి కరెంట్ వర్గాన్ని ఆన్ రెసిస్టెన్స్‌తో గుణించి, ఒక వాటు లోపు ఉండేలా చూసుకోండి.

2ఎన్7000తో ఏం చేయొచ్చు?

చిన్న రిలే, ఒకటి రెండు ఎల్‌ఈడీలు, బజర్, ఇంకో పెద్ద మాస్‌ఫెట్ గేట్. పరిమితి 200 మిల్లీఆంపియర్లు. ఎల్‌ఈడీ స్ట్రిప్, మోటార్ మాత్రం వద్దు.

## వైరింగ్ చేసేటప్పుడు

కాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

టీఓ-220లో అక్షరాలు మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. వెనక రేకు కూడా డ్రెయినే. రెండు మాస్‌ఫెట్లను ఒకే హీట్‌సింక్‌కు బిగించేటప్పుడు మధ్యలో ఇన్సులేటర్ పెట్టడం మర్చిపోతే రెండు డ్రెయిన్లూ కలిసిపోతాయి. చిన్న ప్యాకేజీల్లో వరుస మారుతుంటుంది కాబట్టి డేటాషీట్ బొమ్మ చూడకుండా సోల్డర్ చేయకండి.

లోడ్‌ను డ్రెయిన్ వైపు పెట్టాలా, సోర్స్ వైపు పెట్టాలా?

ఎన్ ఛానల్‌కు డ్రెయిన్ వైపు. సప్లై పాజిటివ్ నుంచి లోడ్, లోడ్ నుంచి డ్రెయిన్, సోర్స్ నేరుగా గ్రౌండ్‌కు. లోడ్‌ను సోర్స్ కింద పెడితే కరెంట్ పారగానే సోర్స్ వోల్టేజ్ పైకి లేస్తుంది. గేట్ మీద 5 వోల్టులే ఉంటే, సోర్స్ 3 వోల్టుల దరిదాపుల్లోకి వచ్చేసరికి రెండింటి మధ్య మిగిలేది 2 వోల్టులే. అక్కడితో ఆగిపోతుంది. 12 వోల్టుల బల్బుకు 3 వోల్టులు అందుతాయి, మిగతా 9 వోల్టులూ మాస్‌ఫెట్ మీదే పడి అది కాలుతుంది. గేట్ మీద ఎంత ఉందని కాదు, సోర్స్ కన్నా ఎంత ఎక్కువ ఉందన్నదే లెక్క.

గేట్‌కు రెసిస్టర్ అవసరమా? ఎంత పెట్టాలి?

మైక్రోకంట్రోలర్ పిన్‌తో నేరుగా నడిపితే 150 నుంచి 220 ఓమ్‌లు పెట్టండి. గేట్ కెపాసిటర్ లాంటిది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు క్షణకాలం షార్ట్‌లా కనిపిస్తుంది. ఆర్డునో యూనో పిన్‌కు 40 మిల్లీఆంపియర్లు దాటకూడని హద్దు. 5 వోల్టుల దగ్గర 220 ఓమ్‌లు పెడితే ఆ క్షణంలో కూడా 23 మిల్లీఆంపియర్లకు మించదు. రెసిస్టర్ లేకుండా ఏళ్లుగా నడుస్తున్న సర్క్యూట్లు చాలానే ఉన్నాయి, అయినా నేను పెడతాను. గేట్ డ్రైవర్ ఐసీ ఉంటే మాత్రం 4.7 నుంచి 22 ఓమ్‌ల మధ్య చాలు. అక్కడ దాని పని గేట్ దగ్గర వోల్టేజ్ ఎగిరెగిరి పడకుండా ఆపడం.

గేట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10కే (10 వేల ఓమ్‌ల) రెసిస్టర్ తప్పనిసరా?

నా వరకు తప్పనిసరే. బోర్డు ఆన్ అవుతున్నప్పుడు, రీసెట్ అప్పుడు, కోడ్ ఎక్కించేటప్పుడు పిన్‌లు ఇన్‌పుట్‌లుగా ఉంటాయి. అప్పుడు గేట్‌ను పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. గాల్లో వేలాడే గేట్ పక్క వైరు నుంచి, చేతి నుంచి ఎంతో కొంత చార్జ్ పట్టేసుకుంటుంది. ఒకసారి నేను కోడ్ అప్‌లోడ్ నొక్కగానే బల్ల మీది మోటార్ తనంతట తానే తిరిగి, స్క్రూల డబ్బాను కింద పడేసింది. అరగంట స్క్రూలు ఏరుకున్నాక ఈ పుల్‌డౌన్ రెసిస్టర్ లేకుండా ఏదీ కట్టలేదు. 10కే నుంచి 100కే వరకు ఏదైనా సరే, వీలైనంతవరకు గేట్ దగ్గరే పెట్టండి.

ఆర్డునో గ్రౌండ్, 12 వోల్టుల సప్లై గ్రౌండ్ కలపాలా?

కలపాలి. పిన్ ఇచ్చే 5 వోల్టులు ఆర్డునో గ్రౌండ్ నుంచి కొలిచినవి, మాస్‌ఫెట్ చూసేది సోర్స్ నుంచి. రెండూ కలవకపోతే గేట్‌కు ఆ 5 వోల్టులకు అర్థమే లేదు. అయితే లోడ్ కరెంట్ ఆర్డునో బోర్డు గుండా పోకూడదు. సోర్స్ నుంచి లావు వైరు నేరుగా సప్లై నెగెటివ్‌కు, అక్కడి నుంచి సన్న వైరు ఆర్డునోకు.

మాస్‌ఫెట్ లోపలే డయోడ్ ఉందిగా, మోటార్‌కు మళ్లీ డయోడ్ ఎందుకు?

లోపలి డయోడ్ డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య ఉంటుంది, మోటార్‌కు అడ్డంగా కాదు. స్విచ్ ఆఫ్ అయినప్పుడు కాయిల్‌లోని కరెంట్ ఒక్కసారిగా ఆగనంటుంది. దారి దొరక్కపోతే డ్రెయిన్ వోల్టేజ్‌ను మాస్‌ఫెట్ హద్దు దాకా ఎగదోస్తుంది. లోపలి డయోడ్ ఆ దిశలో అడ్డుకునే వైపే ఉంది కాబట్టి సాయపడదు. బయటి డయోడ్‌ను లోడ్‌కు అడ్డంగా, గీత ఉన్న కాలు పాజిటివ్ వైపు ఉండేలా పెట్టండి. అప్పుడప్పుడు ఆన్ ఆఫ్ అయ్యే రిలేకు 1ఎన్4007 బాగుంటుంది. పీడబ్ల్యూఎంతో తిరిగే మోటార్‌కు అది చాలా నెమ్మది, వేగంగా స్పందించే షాట్కీ డయోడ్ వాడండి: 1 ఆంపియర్ వరకు 1ఎన్5819, 3 వరకు 1ఎన్5822.

పీ ఛానల్‌తో 12 వోల్టుల లైన్ కట్ చేస్తున్నాను. ఆన్ అవుతుంది కానీ ఆఫ్ అవ్వడం లేదు, ఎందుకు?

పీ ఛానల్ ఎన్ ఛానల్‌కు తలకిందులు, గేట్ సోర్స్ కన్నా తగ్గితే ఆన్ అవుతుంది. దాని సోర్స్ 12 వోల్టులకు కలిసి ఉంటుంది. ఆఫ్ కావాలంటే గేట్ కూడా 12కు చేరాలి. మీ పిన్ హై ఇచ్చినా 5 వోల్టులే. సోర్స్ కన్నా గేట్ 7 వోల్టులు తక్కువ అంటే పూర్తిగా ఆన్‌లో ఉన్నట్టే. పైగా పిన్‌లోకి ఎక్కువ వోల్టేజ్ ఎదురు వచ్చే ప్రమాదం కూడా ఉంది. గేట్ నుంచి సోర్స్‌కు 10కే పెట్టి, గేట్‌ను గ్రౌండ్‌కు లాగే పని ఒక 2ఎన్7000కు గానీ బీసీ547కు గానీ అప్పగించండి. పిన్ హై అయితే లోడ్ ఆన్, లో అయితే ఆఫ్. సప్లై 24 వోల్టులైతే గేట్, సోర్స్ మధ్య మొత్తం 24 పడి, 20 వోల్టుల హద్దున్న మాస్‌ఫెట్ పోతుంది. గేట్‌ను లాగే దారిలో ఇంకో 10కే పెడితే వోల్టేజ్ సగమవుతుంది.

## పీడబ్ల్యూఎం, వేగం

పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టాలి?

ఎల్‌ఈడీలకు యూనో సహజంగా ఇచ్చే 490 హెర్ట్జ్ చాలు. మోటార్ కూతపెట్టకూడదంటే చెవికి అందని 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి వెళ్తారు, ఖర్చు తెలిసి వెళ్లండి. 12 వోల్టులు, 5 ఆంపియర్ల లోడ్ అనుకుందాం. ఆన్ కావడానికి 2, ఆఫ్ కావడానికి 2 మైక్రోసెకన్లు పడితే, మారే ప్రతిసారీ కొంత శక్తి మాస్‌ఫెట్‌లోనే కాలిపోతుంది. 12 × 5లో సగం 30 వాట్లు, దాన్ని 4 మైక్రోసెకన్లతో, ఫ్రీక్వెన్సీతో గుణిస్తే 500 హెర్ట్జ్ దగ్గర 0.06 వాట్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2.4 వాట్లు. ఆన్ రెసిస్టెన్స్ వల్ల పోయేది దీనికి అదనం.

గేట్ డ్రైవర్ ఐసీ ఎప్పుడు కావాలి?

రెండు సందర్భాల్లో: గేట్‌కు 10 వోల్టులు కావాల్సిన పార్ట్‌ను 5 లేదా 3.3 వోల్టుల పిన్‌తో నడపాలన్నప్పుడు, లేదా వేగంగా ఆన్ ఆఫ్ చేయాలన్నప్పుడు. డేటాషీట్‌లో గేట్ చార్జ్ చూడండి. ఐఆర్ఎఫ్540ఎన్‌కు గరిష్ఠంగా 71 నానోకూలంబ్‌లు. 20 మిల్లీఆంపియర్లతో అది నిండటానికి మూడున్నర మైక్రోసెకన్లు పడుతుంది, 1 ఆంపియర్ ఇచ్చే డ్రైవర్‌తో 71 నానోసెకన్లు. సగటు కరెంట్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా ఒకటిన్నర మిల్లీఆంపియర్ లోపే, అది చూసి పిన్ చాలనుకోకండి. కావాల్సింది క్షణకాలపు తోపు. టీసీ4427 లాంటి చిన్న డ్రైవర్ 1.5 ఆంపియర్ల వరకు ఇస్తుంది.

స్విచ్‌గా వాడేటప్పుడు మాస్‌ఫెట్ సాచురేషన్‌లో ఉండాలా?

ఉండకూడదు. బైపోలార్ ట్రాన్సిస్టర్‌కు సాచురేషన్ అంటే పూర్తిగా ఆన్. మాస్‌ఫెట్‌కు అదే మాట తలకిందులు, అక్కడ సాచురేషన్ అంటే గేట్ వోల్టేజ్ కరెంట్‌ను అడ్డగించి పట్టుకున్న స్థితి, స్విచ్‌కు పనికిరానిది. మనకు కావాల్సింది ఓమిక్ రీజియన్, అంటే పూర్తిగా తెరుచుకుని చిన్న రెసిస్టర్‌లా ఉండే స్థితి. పేర్లు పెట్టినవాళ్లను తిట్టుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

## వేడి

3 ఆంపియర్లకే మాస్‌ఫెట్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. హీట్‌సింక్ వేయాలా?

ముందు మీటర్ తీయండి. లోడ్ పూర్తిగా ఆన్‌లో ఉండగా, పీడబ్ల్యూఎం లేకుండా, డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య వోల్టేజ్ కొలవండి. 25 మిల్లీఓమ్‌ల పార్ట్‌కు 3 ఆంపియర్ల దగ్గర 75 మిల్లీవోల్టులు రావాలి, వేడెక్కితే 120 అనుకోండి. ఒక వోల్టు కనిపిస్తే అది సగమే తెరుచుకుంది. గేట్, సోర్స్ కాళ్ల మీదే ప్రోబ్‌లు పెట్టి ఎంత అందుతోందో చూడండి. అక్కడ తక్కువ ఉంటే హీట్‌సింక్ రోగాన్ని దాచిపెడుతుంది, అంతే. వోల్టేజ్ సరిగ్గా ఉండి, పీడబ్ల్యూఎం పెట్టినప్పుడే వేడి పెరిగితే ఆన్ ఆఫ్ నెమ్మదిగా జరుగుతోందని అర్థం. అప్పుడు గేట్ రెసిస్టర్ తగ్గించండి, లేదా ఫ్రీక్వెన్సీ తగ్గించండి.

హీట్‌సింక్ సైజు లెక్క ఎలా వేయాలి?

10 ఆంపియర్లు, ఐఆర్ఎల్‌జెడ్44ఎన్, గేట్ మీద 5 వోల్టులు. 100 × 0.025 = 2.5 వాట్లు. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి 4 వాట్లని వేసుకుందాం. హీట్‌సింక్ లేని టీఓ-220 ఒక్కో వాటుకు 62 డిగ్రీలు ఎక్కుతుంది, అంటే దాదాపు 250 డిగ్రీలు. కుదరదు. పెట్టె లోపల 40 డిగ్రీలు ఉండి, చిప్ 100 దాటకూడదనుకుంటే ఉన్న వెసులుబాటు 60. దాన్ని 4తో భాగిస్తే వాటుకు 15 డిగ్రీలు. చిప్ నుంచి రేకు దాకా 1.4, ఇన్సులేటర్‌కు ఒకటి తీసేస్తే వాటుకు 12 డిగ్రీల లోపు హీట్‌సింక్ కావాలి.

రెండు మాస్‌ఫెట్లు పక్కపక్కన కలిపి వాడొచ్చా?

స్విచ్‌గా అయితే హాయిగా వాడొచ్చు. వేడెక్కిన దాని రెసిస్టెన్స్ పెరిగి, కరెంట్ చల్లగా ఉన్నదాని వైపు మళ్లుతుంది. గేట్‌లను నేరుగా కలిపేయకుండా ఒక్కోదానికి విడి రెసిస్టర్ ఇవ్వండి.

పీడబ్ల్యూఎం లేకుండా గేట్ వోల్టేజ్ తగ్గించి ఫ్యాన్ స్పీడ్ తగ్గించొచ్చా?

చిన్న ఫ్యాన్‌కు పనిచేసినట్టే కనిపిస్తుంది. కానీ 12 వోల్టుల 1 ఆంపియర్ లోడ్‌లో సగం వోల్టేజ్ మాస్‌ఫెట్ మీద నిలబెడితే 6 వాట్ల దాకా దాని మీదే పడొచ్చు. స్విచింగ్ కోసం చేసిన ఇప్పటి పార్ట్‌లలో ఇలా సగంలో ఆపితే చిప్‌లో ఒక మూల మిగతావాటికన్నా వేడెక్కి, అక్కడే ఇంకా ఎక్కువ కరెంట్ పారి కాలిపోతుంది. డేటాషీట్‌లో సేఫ్ ఆపరేటింగ్ ఏరియా గ్రాఫ్‌లో (ఎంత వోల్టేజ్ దగ్గర ఎంత కరెంట్ ఎంతసేపు తట్టుకుంటుందో చూపేది) డీసీ గీత లేకపోతే ఆ ఆలోచన మానుకోండి.

## పనిచేయనప్పుడు

మల్టీమీటర్‌తో మాస్‌ఫెట్ బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సర్క్యూట్ నుంచి విప్పి, మూడు కాళ్లనూ ఒకసారి షార్ట్ చేసి చార్జ్ పోగొట్టండి. మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి ఎరుపు ప్రోబ్ సోర్స్‌కు, నలుపు డ్రెయిన్‌కు పెడితే 0.4 నుంచి 0.7 మధ్య రావాలి, అది లోపలి డయోడ్. తిప్పి పెడితే ఏమీ రాకూడదు. ఇప్పుడు నలుపు సోర్స్ మీద ఉంచి, ఎరుపును ఒకసారి గేట్‌కు తాకించి డ్రెయిన్‌కు తేండి. లాజిక్ లెవెల్ రకమైతే ఆన్ అయి కనిపిస్తుంది. 10 వోల్టుల రకానికి మీటర్ వోల్టేజ్ చాలకపోవచ్చు, అంతమాత్రాన పోయిందనుకోకండి. గేట్ నుంచి మిగతా కాళ్లకు బజర్ మోగితే మాత్రం అది చెత్తబుట్టకే.

ఆఫ్ చేసినా లోడ్ పూర్తిగా ఆన్‌లోనే ఉంది, ఎక్కడ వెతకాలి?

డ్రెయిన్, సోర్స్ తారుమారయ్యాయేమో మొదట చూడండి. అలా అయితే లోపలి డయోడ్ గుండా కరెంట్ ఎప్పుడూ పారుతుంది, గేట్ మాట వినదు. అది సరిగ్గా ఉంటే గేట్‌ను వైరుతో సోర్స్‌కు కలపండి. లోడ్ ఆగితే తప్పు గేట్‌ను నడిపే వైపు ఉంది. ఆగకపోతే మాస్‌ఫెట్ షార్ట్ అయింది.

చేత్తో ముట్టుకుంటే పోతుందంటారు, నిజమేనా?

పొడి వాతావరణంలో నడిచి వచ్చిన మనిషి ఒంటి మీద వేల వోల్టుల స్టాటిక్ ఉండొచ్చు. గేట్ తట్టుకునేది ఐఆర్ఎఫ్540ఎన్‌లో 20, ఏఓ3400లో 12 వోల్టులే. పెద్ద పార్ట్‌ల గేట్ కెపాసిటెన్స్ ఎక్కువ కాబట్టి కొంత నయం, చిన్నవే త్వరగా పోతాయి. ముందు ఏదైనా గ్రౌండైన లోహాన్ని తాకి, రేకు పట్టుకుని తీయండి.

మాస్‌ఫెట్ కాలిపోయాక ఆర్డునో పిన్ కూడా పనిచేయడం లేదు. ఎలా?

మాస్‌ఫెట్ పోయేటప్పుడు గేట్ కింది పొర చిరిగి, డ్రెయిన్ మీది 12 వోల్టులు గేట్ గుండా పిన్‌లోకి వస్తాయి. ఎల్‌ఈడీ స్ట్రిప్ లాంటి నెమ్మది లోడ్‌కు గేట్ రెసిస్టర్ 1కే పెడితే వచ్చే కరెంట్ 10 మిల్లీఆంపియర్లలోపే ఉండి పిన్ బతికే అవకాశం ఎక్కువ. కొత్త మాస్‌ఫెట్ పెట్టే ముందు పిన్‌ను ఒంటరిగా హై, లో చేసి మీటర్‌తో చూడండి. 5 వోల్టులకు బదులు 3 దగ్గర ఆగే పిన్‌కు తగిలిస్తే కొత్తది కూడా సగం తెరుచుకుని అదే దారిన పోతుంది.